ఏ ఘంటసాల మనవడు?

మే నెలలో రెంటచింతల వెళ్ళడమంటే సాహసమే! ఎండల వార్తల్లో తప్పకుండా వినిపించే పేరది. అయినా స్నేహితుడి చెల్లెలి పెళ్ళి, తప్పుతుందా?

పందిట్లో మజ్జిగ తాగుతుంటే ఓ పెద్దాయన పక్కన కూర్చుని, "సినిమాల గురించి రాసేది నువ్వేనా? ఏందయ్యా, తమన్‌కు తాతనే మార్చేశావ్!" అన్నారు.

నాకు చెమట పట్టింది. ఎండకు కాదు! సంగీత దర్శకుడు తమన్ గాయకుడు ఘంటసాలగారి మనవడని ఓ పత్రికలో రాసింది నేనే. ఇంటిపేరు కనబడగానే కలం పరిగెత్తింది. అడిగి తెలుసుకోవాలన్న బుద్ధి వెనకబడింది.

"మా పల్నాటి బాలచంద్రుడి వేషం 1947లో వేశాడే నాగేశ్వరరావు, ఆయన్ని అంతకుముందే హీరోను చేసిందెవరో తెలుసా?" అనడిగారాయన.

తెలుసు. ఘంటసాల బలరామయ్యగారు! బెజవాడ రైల్వేస్టేషన్లో అక్కినేనిని చూసి, 'శ్రీ సీతారామ జననం' (1944)లో రాముణ్ణి చేసిన నిర్మాత, దర్శకుడు. 'ప్రతిభా' సంస్థ ఆయనదే. తమన్ ఈయన మనవడే. పూర్తి పేరు ఘంటసాల సాయి శ్రీనివాస్ తమన్. 'అల వైకుంఠపురములో' (2020) పాటలకు జాతీయ అవార్డు అందుకున్నది ఈ మనవడే.

బలరామయ్యగారు 1906లో నెల్లూరు దగ్గర పొట్టేపాలెంలో పుట్టారు. గాయకుడు వెంకటేశ్వరరావుగారు 1922లో గుడివాడ దగ్గర చౌటపల్లిలో. కృష్ణా జిల్లాలో ఘంటసాల అనే ఊరే ఉంది. మన ఇంటిపేర్లలో ఊరిపేర్లకు కొదవా? పేరు కలిసినంత మాత్రాన చుట్టరికం కలిసినట్టు కాదు. అయితే సినిమాలో మాత్రం ఇద్దరూ కలిశారు. బలరామయ్యగారు తీసిన 'బాలరాజు' (1948)లో వెంకటేశ్వరరావుగారి గొంతు వినిపిస్తుంది.

బలరామయ్యగారు 1953లోనే పోయారు. 1974లో కన్నుమూసిన గాయకుడి గొంతు నేటికీ ప్రతి ఊళ్ళో మోగుతూనే ఉంది. తెరవెనక మనిషికి ఆ అదృష్టం ఎక్కడిది? ఆయనకు మిగిలింది పేరు. దాన్నీ నాలాంటివాళ్ళు ఇంకొకరి ఖాతాలో వేస్తే ఎలా?

"తప్పయిందండీ" అన్నాను.

"నాకు చెబితే ఏం లాభం? తప్పు అచ్చులో చేశావు, ఒప్పుకోవడమూ అచ్చులోనే ఒప్పుకో" అన్నారాయన.

ఇదిగో పెద్దాయనా, ఒప్పుకున్నాను!