నెలకు ఆరు రోజులు: జైల్లో శిక్ష ఎలా తగ్గుతుంది?

అయిదేళ్ల శిక్ష అంటే 1,825 రోజులు. జైలు లోపలికి వెళ్లాక ఆ అంకె కరగడం మొదలవుతుంది. కేంద్ర హోంశాఖ 2016లో రాష్ట్రాలకు పంపిన నమూనా జైలు మాన్యువల్ ప్రకారం, నడవడిక బాగుంటే నెలకు 3 రోజులు, అప్పగించిన పని సరిగా చేస్తే మరో 3 రోజులు శిక్షలోంచి తీసేస్తారు. ఏడాది పొడవునా ఏ తప్పూ చేయనివారికి అదనంగా 30 రోజులు. అంటే ఏడాదికి 72, 30 కలిపి 102. ఈ లెక్కన అయిదేళ్ల శిక్ష పడిన మనిషి దాదాపు నాలుగేళ్లకే ఇంటికి రావచ్చు. రాష్ట్రాన్ని బట్టి అంకెలు మారతాయి; ఒడిశాకు 2020 నాటి సొంత మాన్యువల్ ఉంది. లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

దీని పేరు రెమిషన్. 1894 నాటి జైళ్ల చట్టంలోనే, 59వ సెక్షన్‌లో, మార్కులిచ్చి శిక్ష తగ్గించే నియమాలు చేసుకోవచ్చని రాశారు. ఇంత పాత వెసులుబాటు గురించి ఒడిశాలోని గోసాని నువాగాం నుంచి బరంపురం సర్కిల్ జైలుకు ములాకత్‌కు వెళ్లే కుటుంబానికి ఎవరూ విడమరిచి చెప్పకపోతే అది అన్యాయమే.

అమెరికాలోని కాలిఫోర్నియాలో ఇలా రోజులు తగ్గించాలా వద్దా అన్న ప్రశ్న ఓటర్ల ముందుకు వెళ్లింది. 2016లో అక్కడ 5,85,407 చెల్లుబాటయ్యే సంతకాలు ఉంటే పౌరులే రాజ్యాంగ సవరణను బ్యాలెట్ మీదికి తేగలిగేవారు. అలా వచ్చిన 57వ ప్రతిపాదనకు 2016 నవంబరు 8న 64 శాతం మంది సరే అన్నారు. సత్ప్రవర్తనకూ చదువుకూ రోజులు తగ్గించే అధికారం జైళ్ల శాఖకు వచ్చింది. హింసాత్మక నేరాల ఖైదీలకు అంతకుముందు 15 శాతానికి మించని తగ్గింపు 2017లో 20 శాతానికి, 2021లో మూడో వంతుకు పెరిగింది. ఈ సంస్కరణను బిగించాలని 2020లో మరో ప్రతిపాదన వస్తే ఓటర్లు తిప్పికొట్టారు.

మన దగ్గర అలాంటి ఓటు లేదు. పైగా కష్టపడి సంపాదించుకున్న రోజులకూ, ప్రభుత్వం దయతలచి ఇచ్చే విడుదలకూ తేడా జనం మనసులో చెరిగిపోయింది. 2005లో ఆంధ్రప్రదేశ్‌లో పదేళ్ల శిక్ష పడిన ఒక రాజకీయ నాయకుడికి గవర్నర్ పేరిట మినహాయింపు ఇచ్చారు. ఏపూరు సుధాకర్ కేసులో 2006లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. బిల్కిస్ బానో సామూహిక అత్యాచారం కేసులో 2022 ఆగస్టు 15న గుజరాత్ విడిచిపెట్టిన 11 మందిని తిరిగి లొంగిపొమ్మని 2024 జనవరి 8న అదే కోర్టు ఆదేశించింది. ఇలాంటివి చూసినప్పుడు రెమిషన్ అనే మాట మీదే కోపం వస్తుంది. ఆ కోపం న్యాయమైనదే. కానీ దాని దెబ్బ వంటశాలలో, మగ్గం దగ్గర పనిచేసి నెలకు ఆరేసి రోజులు కూడబెట్టుకునే ఖైదీ మీద పడకూడదు.

మరణశిక్షకు వీలున్న నేరంలో జీవిత ఖైదు పడితే ఈ రోజులు ఎన్ని పోగైనా 14 ఏళ్లు అసలుగా గడపాల్సిందే. 1978లో వచ్చిన ఈ నియమాన్ని 1980లో మారూరామ్ కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. 14 నిండితే తలుపు దానంతటదే తెరుచుకోదు, సర్కారు ఉత్తర్వు కావాలి. ఒడిశాలో జరిగిన మిషనరీ స్టెయిన్స్ హత్య కేసు ఖైదీ మహేంద్ర హెంబ్రాం సత్ప్రవర్తన కింద కేంఝర్ జైలు నుంచి బయటికొచ్చింది పాతికేళ్ల తర్వాత, 2025 ఏప్రిల్‌లో. అర్హులైనవారి సంగతి దరఖాస్తు కోసం చూడకుండా ప్రభుత్వాలే పరిశీలించాలని సుప్రీంకోర్టు అదే ఏడాది ఫిబ్రవరి 18న చెప్పింది.

నన్ను ఎక్కువగా బాధపెట్టే అంకె వేరే ఉంది. 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. నలుగురిలో ముగ్గురన్నమాట. శిక్షే పడలేదు కాబట్టి వాళ్లకు రెమిషన్ ఖాతాయే ఉండదు. రెండేళ్లు విచారణలో మగ్గి, తర్వాత అయిదేళ్ల శిక్ష పడితే ఆ రెండేళ్లు శిక్షలో కలుస్తాయి. అదే రెండేళ్లు శిక్షా ఖైదీగా గడిపి ఉంటే వచ్చే 204 రోజులు మాత్రం రావు. కేసు నత్తనడక నడిస్తే ఆ మూల్యం చెల్లించేది ఖైదీయే.

వీళ్లకు ఉన్న దారి భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 479వ సెక్షన్. మరణశిక్ష, జీవిత ఖైదు లేని నేరంలో గరిష్ఠ శిక్షాకాలంలో సగం లోపలే గడిచిపోతే బెయిలు అడగవచ్చు. అంతకుముందు ఏ నేరంలోనూ దోషిగా తేలనివారికి మూడో వంతు చాలు. ఒకటికి మించి కేసులు నడుస్తుంటే మాత్రం ఇది వర్తించదు. ఈ సంహిత అమల్లోకి వచ్చిన 2024 జులై 1కి ముందు నమోదైన కేసులకూ ఇది చెల్లుతుందని ఆ ఆగస్టులోనే సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. గడువు నిండగానే కోర్టుకు రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంట్‌దే. మనవాడికి ఆ తేదీ ఎప్పుడొస్తుందో ములాకత్ రోజునే అడిగి రాసుకోండి. తేదీ దాటినా కదలిక లేకపోతే ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చేయండి.