‘పాయింట్లు’ కనిపిస్తే టైఫాయిడేనా?

భూపాలపల్లి జిల్లా టేకుమట్ల 2016లో మండల కేంద్రమైంది. ఇలాంటి మండలాల నుంచి పదో తరగతి, ఇంటర్ అయిన పిల్లలు ల్యాబ్ టెక్నీషియన్, రేడియోగ్రఫీ, ఫిజియోథెరపీ కోర్సుల కోసం భూపాలపల్లి, హనుమకొండ బాట పడుతుంటారు. మొదటి ఏడాది పూర్తికాకముందే వాడకట్టులో వాళ్ల హోదా మారిపోతుంది. “బిడ్డా, గీ రిపోర్టుల ఏం రాసిండ్రో జెర చూడు” అంటూ కాగితం చేతికొస్తుంది. డాక్టరు దగ్గరికి పోవాలంటే బస్సెక్కాలి. పక్కింట్లో డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు) చదివే పిల్లనైతే కేకేస్తే చాలు. అందుకే ఆ పిల్లకున్న అపోహ వాడకట్టంతా పాకుతుంది.

అపోహ: ఆరోగ్య రంగంలో చదువుతున్నారు కాబట్టి ఆరోగ్య అవగాహన దానంతటదే వస్తుంది.

ప్రజారోగ్య పరిశోధకుడు డాన్ నట్‌బీమ్ 2000లో ఈ అవగాహనను మూడు మెట్లుగా విడదీశాడు. చదివి అర్థం చేసుకోవడం మొదటిది. అడిగి, మాట్లాడి తెలుసుకోవడం రెండోది. విన్నదాన్ని తరచి చూసి, నిజమెంతో తేల్చుకోవడం మూడోది. నరం దొరకబట్టడం, స్లయిడు మీద రంగు వేయడం, యంత్రం నడపడం తరగతిలో బాగానే నేర్పుతారు. అవి చేతి పనులు. మూడో మెట్టు దగ్గరికొచ్చేసరికి విద్యార్థి కూడా మామూలు మనిషే. 2021లో వచ్చిన జాతీయ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ కమిషన్ చట్టం ప్రకారం అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే కనీసం 2,000 గంటల చదువు ఉండాలి. వాట్సాప్‌లో వచ్చిన కషాయం సంగతి తేల్చుకోవడానికి మాత్రం ఏ చట్టమూ గంటలు లెక్కగట్టలేదు!

అపోహ: రిపోర్టులో పాజిటివ్ అని ఉంటే ఆ రోగం ఉన్నట్టే.

దీనికి మన ఊళ్లలో వైడల్ పరీక్షను మించిన ఉదాహరణ లేదు. జ్వరం వచ్చి రెండు రోజులు కాకముందే రక్తం తీస్తారు, సాయంత్రానికల్లా “పాయింట్లున్నయి, టైఫాయిడే” అనేస్తారు. ఫ్రెంచి వైద్యుడు వైడల్ 1896లో తెచ్చిన ఈ పరీక్ష క్రిమిని పట్టి చూపదు. క్రిమితో పోరాడేందుకు ఒంట్లో తయారైన యాంటీబాడీలను మాత్రమే చూస్తుంది. అవి ఎప్పుడో వచ్చిపోయిన టైఫాయిడ్‌వి కావచ్చు, వేయించుకున్న టీకావి కావచ్చు. మలేరియా లాంటి వేరే జ్వరాల్లోనూ పరీక్ష పాజిటివ్ చూపవచ్చు. టైఫాయిడ్ తరచూ తిరిగే ప్రాంతాల్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తంలోనూ కొద్దిపాటి ‘పాయింట్లు’ ఉంటాయి. ఇంకో తిరకాసు ఏమిటంటే, నిజంగా టైఫాయిడ్ వచ్చినా మొదటి వారంలో యాంటీబాడీలు సరిగ్గా తయారుకాక పరీక్ష నెగెటివ్ రావచ్చు.

నమ్మదగింది బ్లడ్ కల్చర్. అదీ యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందు తీస్తేనే మేలు. ఒక్క వైడల్ కాగితం చూసి మందులు మింగితే అక్కర్లేని యాంటీబయాటిక్ ఒంట్లోకి పోవడం ఒక నష్టం. అసలు జ్వరం డెంగీయో మలేరియానో అయితే, దాన్ని పట్టుకోవాల్సిన రోజులు గడిచిపోవడం అంతకన్నా పెద్ద నష్టం. వైడల్‌లో తేలిన ‘పాయింట్ల’ లెక్కను 1:80 అని తప్పు లేకుండా రాయడం టెక్నీషియన్ పని. రోగం పేరు పెట్టడం కాదు. ఈ గీత ఎక్కడుందో తెలిసిన విద్యార్థి “పరీక్షలో ఇట్ల వచ్చింది పెద్దమ్మా, ఏ జ్వరమో డాక్టరే చెప్పాలె” అంటుంది. పెద్దమ్మకు ఆ జవాబు నచ్చకపోవచ్చు.

అపోహ: గ్లూకోజు బాటిల్ ఎక్కిస్తే ఒంట్లోకి బలం వస్తుంది.

అర లీటరు 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లో ఉండేది 25 గ్రాముల గ్లూకోజు. దాన్నుంచి వచ్చే శక్తి సుమారు 85 కేలరీలు. ఐదారు చెంచాల చక్కెరతో అంతకు తక్కువేం రాదు. ఇక నార్మల్ సెలైన్ అయితే అర లీటరులో నాలుగున్నర గ్రాముల ఉప్పు తప్ప బలమిచ్చేదేమీ లేదు. ఏదీ నోటితో తీసుకోలేని స్థితిలో, వాంతులు ఆగనప్పుడు, ఒంట్లో నీరు ప్రమాదకరంగా తగ్గినప్పుడు ఇదే సీసా ప్రాణం నిలబెడుతుంది. నీరసానికి, కాళ్ల నొప్పులకు మాత్రం అది డబ్బు దండగ.

అపోహ: డబ్బా మీద ఓఆర్‌ఎస్ అని ఉంటే అది ఓఆర్‌ఎస్సే.

హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడింది దీని మీదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం లీటరు నీటికి కలపాల్సిన పొడి మొత్తం 20.5 గ్రాములు, అందులో గ్లూకోజు 13.5 గ్రాములు. దుకాణాల్లో ఆ పేరు తగిలించుకుని అమ్ముడైన తీపి పానీయాల్లో అంతకు ఎన్నో రెట్లు చక్కెర. విరేచనాలతో ఉన్న పిల్లకు అలాంటిది తాగిస్తే నీళ్ల విరేచనాలు ఇంకా పెరగొచ్చు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది.

లేబుల్ చదవడం చిన్న పనేం కాదు. అమెరికాలో 2005లో వచ్చిన ఒక ఆరోగ్య అవగాహన పరీక్షలో ఐస్‌క్రీం డబ్బా లేబుల్ చూపించి ఆరు ప్రశ్నలు అడుగుతారు, అంతే. మన పారామెడికల్ తరగతుల్లో ఐస్‌క్రీంకు బదులు కిరాణా కొట్టు జ్యూస్ డబ్బా పెట్టి అడిగితే ఎందరు గట్టెక్కుతారో చూడాల్సిందే.

అపోహ: ఎక్స్‌రే తీస్తే కిరణాలు ఒంట్లో ఉండిపోతాయి.

ఉండవు. యంత్రం ఆగగానే కిరణాలూ ఆగిపోతాయి. అల్ట్రాసౌండ్‌లో వాడేది శబ్ద తరంగాలు, ఎంఆర్‌ఐలో అయస్కాంత క్షేత్రం, రేడియో తరంగాలు. ఆ రెండింటిలో ఎక్స్‌రే ఊసే లేదు.

అపోహ: విడమరిచి చెప్పడం డాక్టరు పని, టెక్నీషియన్‌ది కాదు.

రోగం పేరు చెప్పడం డాక్టరు పని, సరే. పరీక్షకు ఎలా రావాలో చెప్పాల్సింది మాత్రం రక్తం తీసే మనిషే. “ఫాస్టింగ్‌ల రావాలె, అర్థమైందా?” అంటే ఎవరైనా “అయింది” అనే అంటారు. చెప్పినదాన్ని వాళ్ల మాటల్లో తిరిగి చెప్పించుకునే పద్ధతిని ‘టీచ్ బ్యాక్’ అంటారు. “రేపు పొద్దున ఎట్ల వస్తవో ఒకసారి చెప్పు పెద్దనాయినా” అని అడిగితే, “ఏం తినకుంట వస్త, జెరంత చాయ్ మాత్రం తాగుత” అన్న జవాబు రావచ్చు. పాలు, చక్కెర పడ్డ చాయ్‌తో షుగర్ లెక్క మారిపోతుందనీ, కనీసం ఎనిమిది గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోవద్దనీ, రోజూ వేసుకునే గోలీల సంగతి డాక్టరును అడిగి రమ్మనీ అప్పుడే చెప్పడానికి వీలవుతుంది.