అమ్మేవాళ్లకు పిన్‌తో పనిలేదు

సెమిస్టర్ ఫీజు కట్టాలి. స్కాలర్‌షిప్ ఇంకా పడలేదు. చేతిలో ఉన్నదల్లా సీనియర్ దగ్గర కొనుక్కున్న పాత ల్యాప్‌టాప్. ఇలాంటప్పుడు హాస్టల్ పిల్లలు ఏం చేస్తారో మనకు తెలుసు. ఫొటో తీసి ఓఎల్‌ఎక్స్‌లోనో, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లోనో పెడతారు. సైకిల్, కూలర్, కోచింగ్ పుస్తకాలు, ఊరెళ్లిపోయేటప్పుడు మంచం కూడా అక్కడే అమ్ముతారు. మోసగాళ్లు కాచుకుని కూర్చునేది సరిగ్గా వీళ్ల కోసమే. అవసరంలో ఉన్న మనిషి త్వరపడతాడని వాళ్లకు తెలుసు.

మేం విన్న అనుభవాలు చాలావరకు ఒకే తీరులో మొదలయ్యాయి. ప్రకటన పెట్టిన కాసేపటికే ఫోన్ వస్తుంది. అవతలి మనిషి తాను ఆర్మీలోనో, సీఐఎస్ఎఫ్‌లోనో పనిచేస్తున్నానంటాడు. ఈ మధ్యే ఇక్కడికి బదిలీ అయిందంటాడు. అడగకుండానే యూనిఫాంలో ఉన్న ఫొటో, ఐడీ కార్డు వాట్సాప్‌లో పంపుతాడు. ఆ కార్డు ఎవరిదో, ఎక్కడ దొంగిలించిందో! వస్తువు చూడడు, బేరం ఆడడు. పాత ల్యాప్‌టాప్‌ను చూడకుండానే అడిగినంత ఇస్తానన్నాడంటే అక్కడే ఆగాలి. సెకండ్ హ్యాండ్ సరుకు కొనేవాళ్లు బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందో అడగకుండా ఉంటారా?

తర్వాత అసలు పని మొదలవుతుంది. "డ్యూటీలో ఉన్నాను, మా మనిషి వచ్చి తీసుకెళ్తాడు, డబ్బులు ఇప్పుడే వేస్తాను. మీ ఖాతా సరిగ్గా ఉందో లేదో చూద్దాం, 5 రూపాయలు పంపండి" అంటాడు. పంపితే వెంటనే 10 రూపాయలు తిరిగి వేస్తాడు. నమ్మకం కుదిరింది. ఇక వాట్సాప్‌లో ఒక క్యూఆర్ కోడ్ వస్తుంది. "స్కాన్ చేసి పిన్ కొట్టండి, 9,000 మీ ఖాతాలో పడతాయి." పిన్ కొట్టగానే 9,000 పోతాయి. ఇక్కడితో అయిపోదు. "అయ్యో, పొరపాటైంది, రీఫండ్ కోడ్ పంపుతున్నా" అంటూ ఇంకో కోడ్ పంపుతాడు. పోయిన డబ్బు వెనక్కి రావాలన్న కంగారులో అదీ స్కాన్ చేసినవాళ్లున్నారు. ఒక్క ఫోన్ కాల్‌లో మూడుసార్లు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

చదువుకున్నవాళ్లు ఎలా మోసపోయారని అడిగేవాళ్లకు మేం చెప్పేదొకటే. వీధి చివరి కిరాణా కొట్టును గుర్తు తెచ్చుకోండి. కౌంటర్ మీద కోడ్ ఎవరిది? కొట్టాయనది. స్కాన్ చేసేదెవరు? మనం. పిన్ కొట్టేది? అదీ మనమే. కొట్టాయన ఏనాడైనా మన ఫోన్‌ను స్కాన్ చేశాడా, పిన్ కొట్టాడా? డబ్బు పుచ్చుకునే మనిషి ఏమీ చేయనక్కర్లేదు, ఊరికే నిలబడితే చాలు. కానీ మనకు రోజూ అలవాటైంది కొట్టు బయట నిలబడి డబ్బు కట్టే పని. మొదటిసారి మనమే ఏదైనా అమ్మినప్పుడు కూడా చెయ్యి అదే అలవాటులో స్కాన్ వైపు పోతుంది. మోసమంతా ఈ అలవాటు మీదే నడుస్తోంది.

యూపీఐలో పిన్ అంటే డబ్బు పంపడానికి పెట్టే సంతకం. బ్యాలెన్స్ చూసుకోవడానికి కూడా అది అడుగుతుంది గానీ, డబ్బు రావడానికి మాత్రం ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ అడిగే తెర మీద ఎవరికి, ఎంత వెళ్తోందో రాసే ఉంటుంది. అది మనం చదవకూడదనే అవతలివాడు ఆపకుండా మాట్లాడుతూ, "తొందరగా, తొందరగా" అంటుంటాడు. ఫోన్ పెట్టేసి ఆ తెరను ఒక్కసారి చదవండి. కాల్ కట్ చేయడం అమర్యాదేమీ కాదు.

ఇదివరకు 'కలెక్ట్ రిక్వెస్ట్' పంపి కూడా ఇలాగే దోచుకునేవారు. వ్యక్తుల మధ్య అలాంటి రిక్వెస్టులను 2025 అక్టోబర్‌లో ఎన్‌పీసీఐ ఆపేసింది. క్యూఆర్ కోడ్ దారి మాత్రం అలాగే ఉంది. డబ్బు పడినట్టు దొంగ మెసేజ్ పంపే పద్ధతీ ఉంది. 1,500కు బదులు 15,000 పడినట్టు మెసేజ్ వస్తుంది. వెంటనే ఫోన్: "ఒక సున్నా ఎక్కువ నొక్కాను, మిగతా 13,500 తిరిగి పంపండి, మా ఇంట్లో ఆస్పత్రి ఖర్చుంది." మామూలు పది అంకెల నంబరు నుంచి వచ్చింది బ్యాంకు మెసేజ్ కాదు. అవతలివాళ్లు చూపించే స్క్రీన్‌షాట్‌కూ విలువ లేదు. మన ఖాతా మనమే తెరిచి బ్యాలెన్స్ చూసుకున్నాకే వస్తువు చేతికివ్వాలి. 'సాయం చేస్తాను, ఈ యాప్ వేసుకోండి' అని ఎనీడెస్క్ లాంటివి వేయించి మన తెరంతా చూసేవాళ్లూ ఉన్నారు.

మన పిల్లల విషయంలో మాకున్న ఎక్కువ భయం ఇంకొకటి. చాలామందికి ఉన్నది ఒకే ఖాతా. స్కాలర్‌షిప్ పడేది, ఇంటి నుంచి కూలి డబ్బు వచ్చేది అందులోనే. ఫోన్‌పే, గూగుల్‌పేలకు లింకైనదీ అదే. పోతే అన్నీ ఒకేసారి పోతాయి. ఇంకో బ్యాంకులో చిన్న ఖాతా తెరిచి, యూపీఐని దానికే కలిపి, వందల్లో మాత్రమే ఉంచుకోవడం మేలు. కొనే మనిషిని పగలు, నలుగురు తిరిగే చోట కలవండి, హాస్టల్ గదికి పిలవొద్దు. వీలైతే నగదే తీసుకోండి. ఎందుకంటే ఎవరి దగ్గరో కొట్టేసిన డబ్బుతో మన వస్తువు కొంటే, ఆ జాడ పట్టుకుని వచ్చే పోలీసుల కోరిక మేరకు బ్యాంకు మన ఖాతాలోని డబ్బునే ఆపేస్తుంది. నిజంగానే అమ్మామని చూపించడానికి చాటింగ్, ప్రకటన ఫొటో, కొన్నవాళ్ల సంతకంతో ఒక చీటీ దాచుకోవాలి.

డబ్బు పోతే? ముందు ఎవరికీ చెప్పకుండా రాత్రంతా ఏడవడం మానాలి. వెంటనే 1930కి ఫోన్ చేయాలి. మోసగాళ్లు డబ్బును ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మళ్లించి ఏటీఎంలో తీసేసేలోగా ఫిర్యాదు చేరితే, ఆ మొత్తాన్ని దారిలోనే ఆపే ఏర్పాటుంది. లావాదేవీకి సంబంధించిన 12 అంకెల యూపీఐ నంబరు, సమయం, అవతలి ఐడీ దగ్గర పెట్టుకోండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయొచ్చు. బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పి రసీదు తీసుకోండి. పిన్ మీరే కొట్టారు కాబట్టి నష్టం మీదేనని బ్యాంకు అనొచ్చు. ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం మన అజాగ్రత్త వల్ల పోయిన సొమ్ముకు ఆ మాట చెల్లుతుంది. కానీ ఫిర్యాదు చేశాక పోయిన ప్రతి రూపాయికీ బ్యాంకుదే బాధ్యత. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు.

స్టేషన్ గడప తొక్కడం మనవాళ్లకు ఎందుకు కష్టమో ఇక్కడ వివరించనక్కర్లేదు. "ఇది మా పరిధి కాదు" అని తిప్పి పంపితే ఊరుకోవద్దు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం తీసుకోవాల్సిందే. నిరాకరిస్తే అదే ఫిర్యాదును రాతపూర్వకంగా ఎస్పీకి పంపొచ్చు.

లాయర్‌కు డబ్బులెక్కడివని ఆగిపోయేవాళ్ల కోసం ఒక సంగతి. 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఉచిత న్యాయసాయం హక్కు. ఆదాయ పరిమితి లేదు. ఆపేసిన డబ్బును కోర్టు ద్వారా వెనక్కి తెచ్చుకోవాలన్నా, అన్యాయంగా ఆపిన ఖాతాను తెరిపించుకోవాలన్నా దీన్ని వాడుకోవచ్చు. 15100కు ఫోన్ చేయొచ్చు, లేదా జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థ కార్యాలయానికి నేరుగా వెళ్లొచ్చు. కుల ధ్రువీకరణ పత్రం, 1930 ఫిర్యాదు నంబరు, బ్యాంకు స్టేట్‌మెంట్ వెంట తీసుకెళ్లండి.