బంతియాటయందు వాటాదారులు

ఎరువుల రాకను, ధాన్యపు తేమను, పంటఋణముల గడువులను గూర్చి వ్రాయుచుండు ఈ పుటలలో కాలిబంతియాటకు చోటేమి యని చదువరులు కొందఱు ప్రశ్నింపవచ్చును. ఆటస్థలమున పదునొకండుగురు పరుగులిడుచుండగా దాని వెనుక ఆస్తి కలదు, అప్పు కలదు, ఆ రెంటికిని బాధ్యుడగు యజమానుడు కలడు. టిక్కెట్టు కొని గొంతు పోవునట్లు కేకలు వేయు వేలకొలది ప్రజలును కలరు. అప్పు మీఱి ఆస్తి చేయి జాఱు వేళ ఈ వేలమందికి ఎట్టి యధికారము కలదు? సహకారసంఘ సభ్యునకు ఇది ఎఱుగని ప్రశ్న కాదు. ఇటీవలి కాలమున రెండు పట్టణములు దీనికి రెండు విధములైన యుత్తరముల నిచ్చినవి. మొదటిది హైదరాబాదు. రెండవది ఇంగ్లండు దక్షిణతీరమున, మన కాకినాడవలె రేవుపట్టణమగు పోర్ట్స్‌మత్.

హైదరాబాదునకు ఈ యాటయందు గల ప్రతిష్ఠ నిన్నటిది కాదు. ఆ నగరపు పోలీసుజట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా అయిదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచెను. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీముగారు భారతజట్టునకును శిక్షకులై 1951, 1962 సంవత్సరముల ఆసియా క్రీడలలో స్వర్ణపతకములను, 1956 మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానమును సాధించిపెట్టిరి. వారు 1963లో గతించిన పిమ్మట నగరమున ఆట క్రమముగా సన్నగిల్లెను.

2019వ సంవత్సరమున పూనా నగరపు క్లబ్బు ఒకటి ధనపు చిక్కులచే మూతపడగా, ఇండియన్ సూపర్ లీగునందు దాని స్థానము హైదరాబాదునకు లభించెను. అట్లు పుట్టినదే హైదరాబాద్ ఎఫ్.సీ. ఒకరి దివాలానుండి మొలచిన మొక్క యనవచ్చును. దాని సొంత ఆటస్థలము గచ్చిబౌలిలోనిది. అమలాపురము నుండి లోక్‌సభ కెన్నికై స్పీకరు పదవి నలంకరించి, 2002లో హెలికాప్టరు ప్రమాదమున మరణించిన మన కోనసీమ బిడ్డ జి.ఎం.సి. బాలయోగిగారి పేరు దానికి పెట్టబడినది.

మొదటి యేడు పరాభవమే. 18 పోటీలలో రెండు మాత్రమే గెలిచి, పది జట్లలో పదియవదిగా నిలిచెను. 2020లో స్పెయిను దేశీయుడగు మనోలో మార్కెజ్ శిక్షకుడుగా వచ్చి, పేరుగల వారికన్న పేరు తెచ్చుకొనవలసిన పడుచువాండ్రను నమ్ముకొనెను. ఆ యేట అయిదవ స్థానము దక్కెను. 2021-22లో 20 పోటీలకు 38 పాయింట్లతో పట్టికలో రెండవదయ్యెను. నైజీరియావాడగు ఒగ్బెచె ఒక్కడే 18 గోలులు వేసెను. తుదిపోటీ 2022 మార్చి 20వ తేదీన గోవాలోని ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌తో జరిగెను. 68వ నిమిషమున కేరళవారు గోలు వేసిరి. ఆట ముగియుటకు రెండు నిమిషములు ఉన్నదనగా సాహిల్ తవోరా దూరమునుండి కొట్టిన దెబ్బతో లెక్క సమమయ్యెను. అదనపు కాలమునను తేలక పెనాల్టీలకు పోగా, గోలుకాపరి కట్టిమణి మూడింటిని ఆపెను. 3-1 తేడాతో కప్పు హైదరాబాదుది.

కోవిడు కారణమున ఆ రెండేండ్లు పోటీలన్నియు గోవాలోనే జరిగినవి. అందుచే తమ జట్టు దేశమునకు విజేతయైన యేట, గచ్చిబౌలిలో దాని నొక్క మాఱైనను చూచు భాగ్యము నగరవాసులకు లేకపోయెను. ఇది చిన్న విషయముగా తోచునుగాని, జట్టునకును జనమునకును నడుమ వేరు పాతుకొనవలసిన కాలమంతయు అట్లే గడచిపోయినది.

2022-23లో జట్టు మరల రెండవ స్థానమున నిలిచెను. పైకి అంతయు పచ్చగానే కనబడుచుండ, లోపల దూలమునకు చెద పట్టెను. జీతములు బాకీపడినవి. బాకీలు తీర్చని కారణమున క్రొత్త ఆటగాండ్రను చేర్చుకొనరాదని అంతర్జాతీయ సమాఖ్య నిషేధము విధించెను. విదేశీయులును, అనుభవజ్ఞులును ఒక్కరొక్కరే వెడలిపోయిరి. 2023-24లో మిగిలిన కుఱ్ఱవాండ్రు 22 పోటీలాడి ఒక్కటి గెలిచి అట్టడుగున నిలిచిరి. కప్పు గెలిచి అప్పటికి రెండేండ్లు మాత్రమే. 2024లో యాజమాన్యము చేతులు మాఱెను. 2025లో జట్టు ఢిల్లీకి తరలి, పేరును మార్చుకొనెను.

క్రొత్త యజమానుల నిందింపబని లేదు. ఆ యేట లీగే నడచునో నడవదో యను సందేహము కలిగి, పోటీల యారంభము నెలల తరబడి వెనుకబడెను. సొమ్ము పెట్టినవాడు లాభనష్టములు చూచుకొనును. అది అతని హక్కు. నేనడుగునది వేఱు. జట్టు క్రుంగుచున్న ఆ రెండేండ్లును హైదరాబాదు ప్రేక్షకుడు చేయగలిగినదేమి? టిక్కెట్టు కొనవచ్చును, లేదా కొనక మానవచ్చును. అంతకు మించి అతనిచేత నేమియు లేదు. డెల్టాలోని మనకు ఈ స్థితి కొత్త కాదు. కౌలు పత్రము లేని రైతు చేను దున్ని, నీరు పెట్టి, పురుగు నేరి, తన చేననియే చెప్పుకొనును. భూమి అమ్ముడువోయిన సంగతి మాత్రము ఊరివారిలో కడపట అతనికి తెలియును.

ఇక పోర్ట్స్‌మత్ సంగతి. ఇంగ్లండున ఈ యాట నిచ్చెనమెట్లవలె తరగతులుగా నడచును. పై నాలుగు మెట్లలో 92 క్లబ్బులు కలవు. ఏటేట క్రిందిమెట్టున ముందు నిలిచినవారు పైకెక్కుదురు. పైమెట్టున వెనుకబడినవారు దిగవలయును. మన సూపర్ లీగులో హైదరాబాదు రెండుమార్లు అట్టడుగున నిలిచియు దిగలేదు. అచ్చట నట్టి దయ లేదు. పోర్ట్స్‌మత్ క్లబ్బు 1898లో స్థాపింపబడి, 1949, 1950 సంవత్సరములలో వరుసగా దేశవిజేతయై, 2008లో ఎఫ్.ఏ. కప్పును గెలిచినది. గెలుపునకై రాబడికి మించిన జీతములిచ్చిరి. 2009-10లో ఒక్క యేటనే నలుగురు యజమానులు మాఱిరి. 2010 ఫిబ్రవరిలో క్లబ్బు దివాలా నిర్వాహకుని చేతిలోనికి, మన రిసీవరు వంటి యధికారి చేతిలోనికి, పోయెను. ఇంగ్లండు ప్రథమశ్రేణిలో నుండగా ఈ గతి పట్టిన మొదటి క్లబ్బు అదియే. శిక్షగా 9 పాయింట్లు కోతపడినవి. ఒక మెట్టు దిగెను. 2012లో మరల దివాలా, 10 పాయింట్ల కోత, ఇంకొక మెట్టు. మఱుసటి యేట మఱి పది కోత, మఱియొక మెట్టు. మూడేండ్లలో మూడు మెట్లు దిగి నాలుగవ తరగతిలో పడినది. చిన్న వర్తకులును, అప్పిచ్చిన ఊరివారును రావలసిన దానిలో కొలదియే పొందిరి.

అపుడు ప్రేక్షకులు చేసిన పనియే ఈ వ్యాసమునకు మూలము. వారు చందాలు పోగుచేసి ఒక యజమానుని కాళ్లపై పెట్టలేదు. సభ్యులకు వాటాలుగల ట్రస్టుగా ఏర్పడి, తలకు 1,000 పౌనుల వాటా నిర్ణయించిరి. అది నాటి మారకమున ఎనుబదివేల రూపాయలకు పైమాట. ఓడరేవు పనివానికి తేలిక సొమ్ము కాదు. ఒక్కరే చెల్లింపలేనివారు నలుగురు కలిసి ఒక వాటా కొనిరి. రెండువేలమందికి మించి చేరిరి. ట్రస్టులో ఎవ్వని సొమ్మెంతయైనను సభ్యునకు ఓటొక్కటియే. రోచ్‌డేలు పట్టణమున 1844లో 28 మంది కూడి దుకాణము తెఱచినపుడు వ్రాసికొన్న నియమము నూటయఱువదియేండ్లు దాటిన పిదప ఆ దేశముననే బంతియాటకు పనికివచ్చెను. కొంత స్తోమతుగల అభిమానులు వేఱుగా పెద్దవాటాలు తీసికొనిరి, నగరసభ అప్పిచ్చెను. ఆటస్థలమును గూర్చిన వ్యాజ్యము న్యాయస్థానమున పరిష్కారమై, 2013 ఏప్రిల్ 19వ తేదీన క్లబ్బు వారి స్వాధీనమయ్యెను.

క్రొత్త పాలకవర్గము మొదట చేసినది పాత బాకీలు తీర్చుట. 2014 సెప్టెంబరు నాటికి ఋణవిముక్తులైతిమని ప్రకటించిరి. ఇచ్చట మెచ్చుకొనువారు ఒక సంగతి మఱతురు. బాకీ తీఱినంత మాత్రమున గోలులు పడలేదు. నాలుగవ తరగతిలో మొదటి యేడు పదమూడవ స్థానము, రెండవ యేడు పదునాఱవ స్థానము! దేశవిజేతలుగా నుండినవారు పల్లెటూరి జట్లచేత ఓడుచుండ, వాటాదారుడే యజమాని గనుక నిందించుటకు వేఱొకడు లేడు. 2015-16లో ఆఱవదై పైకెక్కు ప్రత్యేకపోటీలకు చేరి, ప్లిమత్ జట్టుచేత కడపటి క్షణములలో భంగపడెను. శివారు చేనికి కాలువనీరు గట్టుదాక వచ్చి తూము మూసికొనిపోయినట్లైనది.

మఱుసటి యేడు, 2016-17, పాల్ కుక్ శిక్షణలో ఆ భంగపాటు తీఱెను. ఏప్రిల్ 17వ తేదీన నాట్స్ కౌంటీపై 3-1తో గెలిచి పైతరగతికి అర్హత పొందిరి. విజేతస్థానము మాత్రము కడపటి దినమున గాని తేలలేదు. మే 6వ తేదీ ఉదయమున ప్లిమత్ మొదటిది, డాన్‌కాస్టర్ రెండవది, పోర్ట్స్‌మత్ మూడవది. ముగ్గురి నడుమ తేడా రెండు పాయింట్లు. మూడుచోట్ల మూడు పోటీలు ఒకే సమయమున జరిగినవి. పోర్ట్స్‌మత్ తన ఫ్రాటన్ పార్కులో చెల్టెన్‌హామును 6-1తో ఓడించెను. ప్లిమత్ సరిసమానముగా ముగించెను, డాన్‌కాస్టర్ ఓడిపోయెను. పోర్ట్స్‌మత్, ప్లిమత్ రెంటికిని 87 పాయింట్లే యైనను, గోలుల తేడాచే కప్పు వాటాదారులదయ్యెను. ఆనాడు మైదానములోనికి దుమికిన జనములో ఎందఱో తమ యాస్తిమీదనే నడచుచుండిరి.

కథ యిచ్చట నాపిన సొగసుగా నుండును. కాని అదే నెలలో వాటాదారుల యెదుట ఇంకొక కాగితము నిలిచెను. డిస్నీ సంస్థకు పూర్వాధిపతియగు మైకేల్ ఐస్నరు కుటుంబసంస్థ క్లబ్బును 56 లక్షల 70 వేల పౌనులకు కొని, మఱి కోటి పౌనులు పెట్టుబడి పెట్టుదుమని అడిగెను. ఫ్రాటన్ పార్కు ముసలిదైనది. దాని మరమ్మతులకే లక్షల పౌనులు కావలయును. రెండువేలమంది కష్టార్జితము అప్పు తీర్చగలిగెను గాని కట్టడము లేపజాలదు. ట్రస్టు సభ్యులలో ఓటు వేసినవారిలో నూటికి ఎనుబదిమంది అమ్ముటకే సమ్మతించిరి. ఆగస్టులో క్రయము ముగిసెను.

ఇది సహకారధర్మమునకు ద్రోహమని అన్నవారు కలరు. నాకట్లు తోచదు. అమ్ముటకును హక్కు ఉండవలెనుగదా. ఆ హక్కు వారికి కొనుటవలన వచ్చినది. వారు ఊరక అమ్మలేదు. క్లబ్బు చిహ్నమును, రంగులను, ఊరును వారసత్వమండలి సమ్మతి లేక మార్చరాదని షరతు వ్రాయించిరి. క్రొత్త యజమానుని కాలమున, 2023-24లో, మూడవ తరగతిని గెలిచి పండ్రెండేండ్ల పిదప రెండవ తరగతికి ఎక్కిరి. ధనికుని సొమ్ము అక్కఱకు రాలేదని చెప్పజాలము. ఆ సొమ్ము వచ్చిన పిదపను జట్టు పోర్ట్స్‌మత్‌లోనే యున్నది.

మన సంగతి యొకటి ఇచ్చట చెప్పక తప్పదు. ఆంధ్రప్రదేశమున ప్రాథమిక వ్యవసాయ సహకారసంఘములకు 2013లో ఎన్నికలు జరిగినవి. ఆ పాలకవర్గముల గడువు తీఱిన పిమ్మట ఏండ్ల తరబడి నియమింపబడిన కమిటీలే సంఘములను నడపినవి. వాటాధనము మన పద్దున నుండెను. ఓటు మన చేతికి రాలేదు. అట్టి దినములలో మహాజనసభకు పోవువారు పలుచబడిరన్న ఆశ్చర్యమేమి?

హైదరాబాదున ఆట పూర్తిగా ఆఱిపోలేదు. శ్రీనిధి డెక్కన్ అను జట్టు ఒక విద్యాసంస్థవారి యాజమాన్యమున ఐ-లీగునందు, అనగా రెండవ మెట్టున, 2022-23లోను 2023-24లోను వరుసగా రెండవ స్థానము పొందెను. రెండు మార్లును పైకెక్కు అవకాశము ఒక్క స్థానముచేత తప్పిపోయెను. ఆ రెండేండ్లు కూర్చుండి చూచినవారికి దానిలో వాటా యేదియు లేదు.