పాత ఆల్ ఇన్ వన్‌కు కొత్త డ్రైవ్: తెరిచే ముందు చూడాల్సిన అంకెలు

నిమిషానికి 5400 చుట్లు తిరిగే హార్డ్ డిస్క్‌కు ఒక్క చుట్టు పూర్తవడానికి 11.1 మిల్లీసెకన్లు పడుతుంది. మనకు కావలసిన డేటా, దాన్ని చదివే హెడ్ కిందికి వచ్చేదాకా సగటున అందులో సగం, అంటే 5.6 మిల్లీసెకన్లు ఆగాలి. అంతకు ముందు హెడ్ సరైన వరుస మీదికి జరగాలి, దానికి మరో 12 దాకా పోతుంది. కలిపి చూస్తే ఒక్కో చిన్న ముక్క చదవడానికి 17 మిల్లీసెకన్ల పైమాటే. ఆ లెక్కన సెకనుకు 60 ముక్కలు కూడా అందవు. ముక్కకు 4 కేబీ చొప్పున సెకనుకు సుమారు 230 కేబీ. ఇదే డిస్క్ పెద్ద సినిమా ఫైలును వరుసగా చదివేటప్పుడు సెకనుకు 100 ఎంబీ దాకా ఇస్తుంది. కానీ కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు, బ్రౌజర్ తెరిచినప్పుడు కావలసినవి డిస్క్ నలుమూలలా చెదిరి ఉన్న వేల చిన్న ఫైళ్లు.

హార్డ్ డిస్క్ బదులు వేసుకోగల ఎస్‌ఎస్‌డీ డేటాను చిప్‌లలో దాస్తుంది, అందులో తిరిగేదీ లేదు, జరిగేదీ లేదు. ముక్కకు 0.1 మిల్లీసెకను, అంటే సెకనుకు 10,000 ముక్కలు, 40 ఎంబీ. పదివేల ముక్కలు కావాలంటే పాత డిస్క్‌కు దాదాపు 3 నిమిషాలు, ఎస్‌ఎస్‌డీకి ఒక సెకను. ఆపరేటింగ్ సిస్టం కొన్నింటిని ముందే తెచ్చిపెట్టుకుంటుంది, ప్రాసెసర్‌కు దాని పని ఉండనే ఉంది, కాబట్టి అసలు వాడకంలో తేడా అంత భారీగా ఉండదు. అయినా ఐదేళ్లు దాటిన కంప్యూటర్‌లో ఒక్క భాగం మార్చి ఇంత మార్పు చూడగలిగేది ఇక్కడే అని నా గట్టి నమ్మకం.

ఖతార్‌లో ఎనిమిది లక్షలకు పైగా భారతీయులు ఉన్నారు. వారిలో తెలుగు కుటుంబాలూ తక్కువేమీ కాదు. అద్దె ఫ్లాట్లలో ఉండేవారికి ఆల్ ఇన్ వన్ బాగా కుదురుతుంది. తెర, కంప్యూటర్ ఒకే పెట్టెలో ఉంటాయి, గోడకు ఒక్క వైరు, ఇల్లు మారితే ఒక అట్టపెట్టెలో పట్టేస్తుంది. నాలుగేళ్లు గడిచాక అదే యంత్రం పిల్లల హోంవర్క్ ఫైలు తెరవడానికి నిమిషాలు తీసుకుంటుంది. ఆ దశలో చాలామంది కొత్తది కొంటారు, పాతది స్టోర్‌రూమ్‌కు వెళ్తుంది. 2022లో ప్రపంచం 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగేసిందని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక లెక్కగట్టింది. సరైన పద్ధతిలో సేకరించి రీసైకిల్ చేసినట్టు నమోదైంది అందులో 22.3 శాతమే. తెర బాగుండి, ప్రాసెసర్ బాగుండి, ఒక్క డిస్క్ వల్ల ఆ కుప్పలో చేరే యంత్రాల గురించే ఈ కథనం.

అన్నిటికన్నా ముందు మీ యంత్రం ఏ సంవత్సరంలో వచ్చిన మోడలో చూడండి. విండోస్ ఆల్ ఇన్ వన్‌లలో ఎక్కువ భాగం సులువుగానే తెరుచుకుంటాయి. వెనక మూత స్క్రూలతోనో, క్లిప్పులతోనో ఉంటుంది, లోపల లాప్‌టాప్‌లో వాడే 2.5 అంగుళాల డిస్క్. వీటిలో చాలావాటికి కరెంటు బయటి అడాప్టర్ నుంచి వస్తుంది, కాబట్టి లోపల 240 వోల్టుల భయం ఉండదు.

యాపిల్ వారి ఆల్ ఇన్ వన్ అయిన ఐమ్యాక్ సంగతి వేరు. 2009 చివర నుంచి 2011 వరకు వచ్చిన వాటి ముందు అద్దం అయస్కాంతాలతో నిలబడుతుంది. రెండు సక్షన్ కప్పులతో లేపితే వచ్చేస్తుంది, ఆ తర్వాత తెర స్క్రూలు. లోపల 3.5 అంగుళాల డిస్క్ ఉంటుంది కాబట్టి 2.5 అంగుళాల ఎస్‌ఎస్‌డీకి ఒక బిగింపు ఫ్రేము కావాలి. అసలు చిక్కు ఉష్ణోగ్రత సెన్సర్‌తో వస్తుంది. ఈ మోడళ్లు డిస్క్ వేడిని డిస్క్ నుంచే తెలుసుకుంటాయి. కొత్త డ్రైవ్ ఆ సమాచారం ఇవ్వకపోతే ఫ్యాను పూర్తి వేగంతో తిరుగుతూనే ఉంటుంది. దీనికి విడిగా సెన్సర్ కేబుల్ దొరుకుతుంది, ఫ్యానును అదుపు చేసే సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. ఎస్‌ఎస్‌డీ ఆర్డర్ చేసే రోజే కేబుల్ కూడా ఆర్డర్ చేయండి. ఇంకో మాట: ఐమ్యాక్ పవర్ సప్లై పెట్టె లోపలే ఉంటుంది. ప్లగ్ తీసేశాక కూడా దాని కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. ఆ బోర్డు మీద చెయ్యి పెట్టవద్దు.

2012 చివర నుంచి ఐమ్యాక్ అంచులు సన్నబడ్డాయి, అయస్కాంతాల చోట జిగురు పట్టీలు వచ్చాయి. తెర తీయాలంటే చుట్టూ ఆ పట్టీని కోయాలి, మళ్లీ మూయాలంటే కొత్త పట్టీలు అంటించాలి. కోసేటప్పుడు పట్టు తప్పితే తెరే పగులుతుంది. యంత్రంలో అత్యంత ఖరీదైన భాగం అదే.

అందుకే 2012 నుంచి 2019 వరకు వచ్చిన ఐమ్యాక్ ఉన్నవారికి నేను చెప్పేది ఒకటే: తెరవకండి. ఆ మోడళ్లన్నింటికీ యూఎస్‌బీ 3 పోర్టులు ఉన్నాయి, వేగం సెకనుకు 5 గిగాబిట్లు, అసలు వాడకంలో సుమారు 400 ఎంబీ. పైన చెప్పిన చిన్న ముక్కల పనికి కావలసింది 40 ఎంబీ. బయటి ఎస్‌ఎస్‌డీని వెనక తగిలించి, మ్యాక్ ఓఎస్ దాని మీద ఇన్‌స్టాల్ చేసి, స్టార్టప్ డిస్క్‌గా ఎంచుకుంటే పని పూర్తవుతుంది. చూడటానికి ఒక కేబుల్ ఎక్కువ, అంతే. 2011, అంతకు ముందరి వాటికి ఈ దారి సరిపడదు. వాటి యూఎస్‌బీ 2 సెకనుకు 35 ఎంబీ దగ్గరే ఆగిపోతుంది కాబట్టి తెరవడమే మేలు. డిస్క్‌ను తగిలించే లోపలి సాటా పోర్టు పాత తరానిదని, 2009, 2010 మోడళ్లలో సెకనుకు 300 ఎంబీయే ఇస్తుందని కొందరు వెనకాడతారు. రోజువారీ పనికి ఆ 300 కూడా ఎక్కువే. ఇక 2020 నాటి 27 అంగుళాల ఐమ్యాక్, 2021 నుంచి వచ్చిన 24 అంగుళాల మోడళ్లలో స్టోరేజీ బోర్డుకే అతికి ఉంటుంది, మార్చేదేమీ లేదు.

ఫ్యూజన్ డ్రైవ్ అని ఉంటే ఎస్‌ఎస్‌డీ ఉన్నట్టే అని చాలామంది అనుకుంటారు. 2012లో అది మొదలైనప్పుడు హార్డ్ డిస్క్‌తో పాటు 128 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉండేది. 2015 చివర్లో 1 టీబీ ఫ్యూజన్‌లో దాన్ని 24 జీబీకి తగ్గించారు. సిస్టం ఫైళ్లు పోగా పెద్దగా మిగలని స్థలం అది. మీది అలాంటిదైతే దాన్ని హార్డ్ డిస్క్ యంత్రంగానే లెక్కించండి.

డ్రైవ్ మార్చినా మారనివి కొన్ని ఉన్నాయి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం ప్రాసెసర్ ఉండాలి. అంతకన్నా పాతదైతే లైనక్స్ మింట్ లాంటిది వేసుకోవడం మేలు, తెలుగు టైపింగ్ అందులోనూ నడుస్తుంది. 2011 ఐమ్యాక్‌కు అధికారికంగా అందే చివరి వ్యవస్థ 2017 నాటి హై సియెరా. ఫొటోలకు, పాటలకు, పిల్లల టైపింగ్‌కు వాడండి కానీ ఊరికి డబ్బు పంపే బ్యాంకు పని దాని మీద చేయకండి. ర్యామ్ 4 జీబీయే ఉంటే దాన్ని కూడా 8కి పెంచితేనే ఎస్‌ఎస్‌డీ ఫలితం పూర్తిగా కనిపిస్తుంది.

ఎస్‌ఎస్‌డీ అరిగిపోతుందన్న భయం మాత్రం అక్కర్లేదు. శాంసంగ్ 870 ఈవో 500 జీబీ డ్రైవ్ మీద కంపెనీ ఇచ్చే హామీ 300 టీబీ రాతలు లేదా 5 ఏళ్లు, ఏది ముందైతే అది. రోజుకు 20 జీబీ రాసినా 300 టీబీ నిండడానికి 15,000 రోజులు, అంటే 41 ఏళ్లు పడుతుంది.

ఖతార్ ఎండ విషయంలో ఒక జాగ్రత్త ఉంది. చిప్‌లకు ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ సంస్థ లెక్క ప్రకారం ఇళ్లలో వాడే ఎస్‌ఎస్‌డీ, తన రాతల పరిమితి పూర్తిగా వాడేశాక కూడా, కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఏడాది పాటు డేటా నిలుపుకోవాలి. వేడి పెరిగే కొద్దీ ఆ గడువు తగ్గుతుంది. జులైలో దోహాలో పగటి ఉష్ణోగ్రత 40 దాటుతుంది, సెలవులకు ఊరెళ్తూ ఏసీ ఆపిన ఫ్లాట్ లోపలా వేడి బాగా పెరుగుతుంది. అంతగా అరగని డ్రైవ్‌కు రెండు నెలల సెలవు ఏమీ చేయదు. కానీ బాగా వాడేసిన ఎస్‌ఎస్‌డీలో పెళ్లి ఫొటోలు నింపి, ఏసీ లేని స్టోర్‌రూమ్‌లో ఏళ్ల తరబడి వదిలేయడం మంచిది కాదు. ఏళ్లపాటు దాచే కాపీకి హార్డ్ డిస్కే నయం. ఇక్కడ దుమ్ము గాలులూ ఎక్కువే కాబట్టి, మూత ఎలాగూ తీసిన రోజున ఫ్యాను, గాలి దారులు శుభ్రం చేయించండి.

కొనేటప్పుడు ఒక సులువైన లెక్క ఉంది. డాలరుకు 3.64 రియాళ్ల మారకం 2001 నుంచి స్థిరంగా ఉంది. ఆన్‌లైన్‌లో డాలర్ల ధరను 3.64తో గుణించి దోహా షాపు ధరతో పోల్చండి. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి ఎవరితోనైనా తెప్పించుకోవాలనుకుంటే వారంటీ ఏ దేశంలో చెల్లుతుందో ముందే అడగండి. సైజు ఎంచుకోవడానికి డిస్క్ మీద ఇప్పుడు నిండి ఉన్నది చూడండి. 300 జీబీ నిండితే 500 జీబీ డ్రైవ్ చాలు, విండోస్ దాన్ని 465గా చూపిస్తే కంగారు పడకండి. పాత డిస్క్ నుంచి ఆ 300 జీబీ కొత్త డ్రైవ్‌లోకి కాపీ కావడానికి యూఎస్‌బీ 2 మీద దాదాపు రెండున్నర గంటలు, యూఎస్‌బీ 3 మీద గంటలోపు.

ఆ కాపీ అవుతున్నప్పుడు పాత డిస్క్ తన జీవితంలోకెల్లా ఎక్కువ శ్రమ పడుతుంది, ఏళ్ల నాటి డిస్క్ అప్పుడే చెడిపోవచ్చు. అందుకని ముందుగా ఫొటోలు, పాస్‌పోర్టు కాపీలు, సర్టిఫికెట్లు మరో డ్రైవ్‌లోకి తీసుకోండి. ఆ కాపీలు తెరుచుకుంటున్నాయో లేదో ఒకసారి చూసి, ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకోండి.