ఆ పది నిమిషాల్లో ఏం జరిగింది?

మిస్టరీ కథలో ఒక పాత్ర అసలు ఉద్దేశం ఆ పాత్ర మాటల్లో దొరకదు. ఆ మాటల వల్ల లాభం ఎవరికో చూస్తే దొరుకుతుంది. అగాథా క్రిస్టీ 1926లో ప్రచురించిన ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్’ ఇందుకు గట్టి ఉదాహరణ. నవల చదవనివారు ఇక్కడే ఆగితే మేలు. గుట్టు విప్పకుండా దీని గురించి చెప్పడం కుదరదు.

కథ చెప్పేది ఊరి డాక్టరు షెపర్డ్. నెమ్మదస్తుడు, నలుగురికీ కావలసినవాడు. డిటెక్టివ్ పాయిరో వెంట సాయంగా తిరిగేదీ ఆయనే, హంతకుడూ ఆయనే. భర్తకు విషమిచ్చిన మిసెస్ ఫెరర్స్‌ను బెదిరించి డబ్బు గుంజాడు. ఆమె చనిపోయే ముందు అక్రాయిడ్‌కు ఉత్తరం రాసింది. అందులో బెదిరించినవాడి పేరు బయటపడితే డాక్టరు బతుకు బజారుపాలు. హత్య చేయించింది పగ కాదు, భయం. దాని వెనక డబ్బాశ.

జాడలు ముందే ఉన్నాయి. తనకు వారసత్వంగా సొమ్మొచ్చిందని, అది పెట్టుబడిలో పోయిందని డాక్టరు అంటాడు. విని పేజీ తిప్పేస్తాం. హత్య జరిగిన గదిలో ఒక కుర్చీ దాని చోట ఉండదు. బల్ల మీది డిక్టాఫోన్ (మాటలు రికార్డు చేసే యంత్రం) తలుపు దగ్గరివారి కంటపడకుండా ఆ కుర్చీని ముందుకు లాగారు. అన్నిటికన్నా గడుసుది కాలం లెక్క. అక్రాయిడ్‌కు ఆ ఉత్తరం వచ్చింది 8.40కి, తాను ఆయన దగ్గర్నుంచి బయల్దేరింది 8.50కి అని రాస్తాడు. అబద్ధం లేదు. మధ్యలో ఏం చేశాడో మాత్రం రాయడు.

ఇది పాఠకుణ్ణి మోసగించడమేనని అప్పట్లో కొందరు కోప్పడ్డారు. జాడలన్నీ కళ్లముందే ఉన్నాయి కాబట్టి ఆ నింద నిలవదు. రెండోసారి చదివేటప్పుడు డాక్టరు మాటల కన్నా గడియారం మీద కన్నేసి చదవండి.