సీసాలో టమాటా పూత... కూరకి కాదు, కాలం ఆదాకి!

టమాటా రేటు ఎగిరితే పాతబస్తీలో మీరాలం మండికి వెళ్తే చాలు, సంగతి తెలిసిపోతుంది. 2023 జులైలో కిలో వంద దాటినప్పుడు మా లాల్ దర్వాజాలో టమాటే కా కట్ ఊసే లేదు. ఎండ ముదిరితే పూత రాలుతుంది. తెల్లదోమ వస్తే ఆకుముడత వైరస్. వీటిని తట్టుకునే కొత్త రకాలు కావాలి. చిక్కేంటంటే, కొత్త రకం గుణాలు స్థిరపడటానికి ఆరేడు తరాలు పడుతుంది. ఒక్కో తరానికి మూడు నాలుగు నెలలు! అందుకే శాస్త్రవేత్తలకు పువ్వు త్వరగా రావాలని అంత తొందర.

బయోటెక్ చదివేటప్పుడు ల్యాబ్‌లో టమాటాని సీసాలో పెంచుతున్నామని చెబితే మా అమ్మమ్మ ఒకటే మాట అడిగింది: "సీసల పూస్తే ఏం లాభం బిడ్డా, కూరకొస్తదా?"

రాదు. కానీ లాభం ఉంది.

సీసాలో ఏం జరుగుతుంది?

కణుపు ముక్కని క్రిములు లేకుండా శుభ్రం చేసి, చక్కెర, ఖనిజ లవణాలు, విటమిన్లు కలిపిన అగర్ జెల్లీ మీద నాటుతాం. 1962లో మురాషిగే, స్కూగ్ పొగాకు కణజాలం కోసం రూపొందించిన ఎంఎస్ మీడియం ఇదే. సైటోకైనిన్ హార్మోన్ పెంచితే చిగుళ్లు, ఆక్సిన్ పెంచితే వేర్లు. దాదాపు 25 డిగ్రీల గదిలో, రోజుకి 16 గంటల లైటు. కాస్త బూజు చేరిందా, ఆ సీసా పారేయాల్సిందే.

పగలు ఎంత పొడుగన్న పట్టింపు టమాటాకి పెద్దగా లేదు. కొన్ని ఆకులు వేశాక, ఆకుల్లో తయారైన ఫ్లోరిజెన్ అనే ప్రొటీన్ చిగురుకి చేరి "ఇక పూయి" అని కబురు చెబుతుంది. సైటోకైనిన్ మరీ ఎక్కువైతే మాత్రం చిగుళ్ల మీద చిగుళ్లే! మూత బిగిస్తే ఇథిలీన్ వాయువు లోపలే చేరి మొగ్గ రాలిపోవచ్చు. అందుకే గాలి ఆడే మూత పెట్టాలి. పువ్వు విచ్చాక ఇంకో పని. సీసాలో గాలి వీచదు, తేనెటీగ రాదు. మెల్లగా తట్టి పుప్పొడి రాల్చాల్సింది మనమే.

ఈ పనికి బాగా కుదిరే రకం మైక్రో టామ్. 1989లో ఫ్లోరిడాలో అలంకరణ కోసం తెచ్చిన మరుగుజ్జు టమాటా ఇది. ఎత్తు అర అడుగు పైమాటే.

వెదురు కూడా పూసింది

దశాబ్దాలకోసారి పూసే వెదురుని సీసాలో నెలల్లోనే పూయించామని పుణెలోని నేషనల్ కెమికల్ లాబొరేటరీ శాస్త్రవేత్తలు 1990లో ప్రకటించారు. మన నగరానికి ఆ కొసన, గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీలో టమాటా జన్యువుల మీద ప్రత్యేక కేంద్రమే నడుస్తోంది. పనికొచ్చే జన్యువు దొరకడం ఒక ఎత్తు. దాన్ని రైతు పొలం దాకా చేర్చడం ఇంకో ఎత్తు. ఈ రెండోదానిలోనే ఏళ్లు గడిచిపోతాయి.

సీసాలో కాసే పండు చిన్నదే. పది గింజలొచ్చినా చాలు. రకాలు తయారు చేసేవాళ్లకి కావాల్సింది కిలోలు కాదు, తర్వాతి తరం. అది నెల ముందొస్తే, ఆరేడు తరాల్లో ఆరేడు నెలలు మిగిలినట్టే. ఎండకి పూత రాలి నష్టపోయే రైతుకి అది దాదాపు రెండు పంటల కాలం.